ఆమెకు నీళ్లెవరిచ్చారు?



ముందు ఒక పేరు చెబుతాను. మెలాంక్తన్. మళ్లీ చెబుతున్నాను, మెలాంక్తన్. గుంటూరు, తెనాలి, రేపల్లె వైపు లూథరన్ కుటుంబాల్లో పుట్టినవాళ్లు ఈ పేరు వినే ఉంటారు. మిగతావాళ్లకి కాస్త నోరు తిరగదు. గ్రీకు పేరు మరి. గ్రీకులో మెలాన్ అంటే నల్లని. క్తోన్ అంటే నేల. రెండూ కలిపితే నల్లనేల. మన రైతు మాటలో నల్లరేగడి.

ఈ పేరు పెట్టుకున్నాయన అయిదు వందల ఏళ్ల కిందటి జర్మన్ పండితుడు, ఫిలిప్. ఆయన ఇంటిపేరుకు జర్మన్‌లో కూడా నల్లమట్టి అనే అర్థం. ఆ కాలంలో చదువుకున్నవాళ్లు తమ పేర్లను గ్రీకులోకో లాటిన్‌లోకో మార్చుకునేవాళ్లు. ఈయన పేరూ అలాగే మారింది. 1518లో విట్టెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో గ్రీకు ఆచార్యుడుగా చేరాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఒక్క ఏళ్లు. మార్టిన్ లూథర్ కొత్త నిబంధనను జర్మన్‌లోకి తెచ్చినప్పుడు, ఆ అనువాదాన్ని పక్కన కూర్చుని సరిచూసిన మనిషి ఈయనే. అంటే బైబిలును దాని మూలభాషలో చదివి, మాట మాటకూ లెక్క చెప్పగల పంతులు.

1842లో హయ్యర్ అనే లూథరన్ పాదిరి గుంటూరు వచ్చాడు. ఆయన వెనక మిషను వచ్చింది, బడి వచ్చింది, ఆసుపత్రి వచ్చింది. ఈ పేర్లూ వచ్చాయి. మన పల్లెల్లో లూథర్లు పుట్టారు, మెలాంక్తన్‌లు పుట్టారు. నల్లరేగట్లో నాట్లు వేసే కుటుంబాలకి నల్లనేల అనే పేరు, అర్థం ఎవరూ చెప్పకుండానే, వచ్చి అతుక్కుంది.

ఈ పేరున్న ఒక తెలుగు ఆచార్యురాలి గురించి ఈ రోజు మీతో మాట్లాడాలని ఉంది. ఆవిడ పేరు మోనికా జ్యోత్స్న మెలాంక్తన్. మనం ఏ.ఇ.ఎల్.సి. అంటామే, ఆ ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘానికి చెందినావిడ. పాత నిబంధన ఆవిడ చదువు. అమెరికాలో షికాగో నగరంలోని లూథరన్ స్కూల్ ఆఫ్ థియాలజీలో డాక్టరేట్ చేశారు. చెన్నైలో గురుకుల్ లూథరన్ థియలాజికల్ కాలేజీలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. తర్వాత ఆస్ట్రేలియా వెళ్లి, మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీ ఆఫ్ డివినిటీ కింద ఉన్న పిల్‌గ్రిమ్ కాలేజీలో హీబ్రూ బైబిలు ఆచార్యులుగా పనిచేశారు.

మీలో కొందరికి సందేహం వచ్చి ఉంటుంది. బైబిలుకి ప్రొఫెసరు ఎందుకు? పాస్టరుగారు ఉన్నారు కదా, ఆదివారం ప్రసంగం చెబుతున్నారు కదా?

పాస్టరుగారి పని వేరు, ప్రొఫెసరుగారి పని వేరు. పాస్టరుగారు వాక్యాన్ని మన ఇంటిదాకా తెస్తారు. మన బిడ్డకి జ్వరం వస్తే ప్రార్థనకు వస్తారు. ప్రొఫెసరుగారు ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ వెనక్కి నడుస్తారు. ఎవరు రాశారు, ఏ భాషలో రాశారు, నకలు తీసినవాళ్లు ఎక్కడైనా తడబడ్డారా, అనువాదం చేసినవాళ్లు ఏ మాటకు ఏ మాట వేశారు. నూతిలో చేద పడిపోతే పాతాళభేది వేసి వెతుకుతారు చూడండి. అలాంటి పని.

ఇక్కడ మా నాయనమ్మ సంగతి చెప్పాలి.

మాది రేపల్లె దగ్గర పల్లె. నాయనమ్మకి చదువు రాదు. నాట్లకీ కలుపుకీ మినుము కోతకీ పోయే మనిషి. రాత్రిపూట లాంతరు ముందు నన్ను కూర్చోబెట్టి బైబిలు చదివించుకునేది. రోజుకో అధ్యాయం, మొదటి నుంచి వరసగా. వంశావళులు వచ్చినా వదలనిచ్చేది కాదు. అట్లా చదువుతూ చదువుతూ ఒక రాత్రి రిస్పా కథ దగ్గరికి వచ్చాం.

ఈ కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. సమూయేలు రెండవ గ్రంథంలో ఉంది, ఇరవై ఒకటో అధ్యాయం. దావీదు రాజుగా ఉన్నాడు. దేశంలో మూడేళ్లు వరసగా కరువు. కారణమేమిటంటే, పాత రాజు సౌలు గిబియోనీయులు అనే జనాన్ని అన్యాయంగా చంపాడట, ఆ రక్తదోషం దేశానికి తగిలిందట. ఏం చేస్తే మీరు శాంతిస్తారు అని దావీదు గిబియోనీయుల్ని అడిగాడు. సౌలు వంశంలో ఏడుగురు మగవాళ్లను మాకు అప్పగించు అన్నారు. దావీదు అప్పగించాడు. ఏడుగురినీ కొండ మీద చంపి, శవాలను అక్కడే వదిలేశారు. పూడ్చలేదు.

ఆ ఏడుగురిలో ఇద్దరు రిస్పా కొడుకులు. రిస్పా సౌలుకి ఉపపత్ని. ఆవిడ గోనెపట్ట తీసుకుని కొండెక్కింది. బండ మీద పరుచుకుని కూర్చుంది. పగలు పక్షుల్ని వాలనివ్వలేదు. రాత్రి మృగాల్ని దగ్గరికి రానివ్వలేదు. యవల కోత మొదలైన రోజుల్లో కూర్చుంది, వాన పడేదాకా లేవలేదు. ఆ దేశంలో యవల కోత వేసవి ముందు. వానలు మళ్లీ ఎప్పుడో వేసవి పోయాక. మన లెక్కలో చైత్రంలో కూర్చుని ఆశ్వయుజం దాకా లేవనట్టు.

నేను చదువుతున్నాను. నాయనమ్మ ఆపమంది.

"ఒరే అబ్బాయ్, ఆవిడకి నీళ్లెవరిచ్చారురా?"

"ఇందులో లేదు నాయనమ్మా."

"సరిగ్గా చూడు. అన్ని నెలలు బండ మీద కూచుంటే నీళ్లు లేకుండా ఎట్టా బతికిద్ది? ఎవరో ఒకళ్లు పోసుంటారు. రాసినోడు రాయలా."

నాకప్పుడు పన్నెండేళ్లు. విసుక్కున్నాను. పక్క వచనానికి వెళ్లిపోయాను. కానీ ఆ ప్రశ్న నాతోనే ఉండిపోయింది. ఆవిడకి నీళ్లెవరిచ్చారు?

ఆ ప్రశ్న నాయనమ్మకి ఊరికే రాలేదు. ఆమె రోజుల్లో కలుపుకి వెళ్లిన చోట దోసిలి పట్టి నీళ్లు తాగాలి. కుండ ముట్టుకోకూడదు. పైనుంచి ఎత్తి పోసేవాళ్లు పోస్తే తాగాలి, లేకపోతే ఎండలో నోరెండుకుని ఉండాలి. మండుటెండలో కూర్చున్న మనిషి కథ వినగానే నీళ్ల సంగతి అడగడం ఆమె బతుకులోంచి వచ్చింది. పెద్ద చదువులు చదివిన నేను ఆ మాట చాలా ఏళ్ల తర్వాతే గ్రహించాను.

సరే, ఆచార్యుల చదువు దగ్గరికి వద్దాం. బైబిలు ఆచార్యులు కావాలంటే ఏం చదవాలి? ముందు బి.డి. అంటారు, కొన్నేళ్ల చదువు. సెరాంపూర్ కాలేజీ సెనేటు ఇచ్చే పట్టా. మన తెలుగువాళ్లు ఎక్కువగా హైదరాబాదులో ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీకి వెళతారు. ఆ కాలేజీ 1964లో రాజమండ్రిలో పుట్టింది. లూథరన్లు, బాప్టిస్టులు, సి.ఎస్.ఐ. అనే దక్షిణ ఇండియా సంఘంవాళ్లు ఎవరి సెమినరీ వాళ్లు నడుపుకోకుండా కలిసి పెట్టుకున్న కాలేజీ. 1973లో హైదరాబాదు చేరింది. బి.డి. తర్వాత ఎం.టిహెచ్., ఆ తర్వాత డాక్టరేట్. అన్నీ కలిపి పదిహేనేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు.

ఆ ఏళ్లలో ఎక్కువ భాగం భాషకే పోతుంది. పాత నిబంధన దాదాపు మొత్తం హీబ్రూలో ఉంది. కుడి నుంచి ఎడమకు చదవాలి. ఇరవై రెండు అక్షరాలు, అన్నీ హల్లులే. అచ్చులకి కిందా పైనా చుక్కలూ గీతలూ. మన గుణింతాల్లాంటివే అనుకోండి, కాకపోతే ఆ చుక్కలు చాలా శతాబ్దాల తర్వాత పెట్టారు. మొదట హల్లులు మాత్రమే ఉండేవి. అచ్చు ఏదో చదివేవాడికి నోటికి రావాలి.

ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. న్యాయాధిపతుల గ్రంథంలో ఒక కథ ఉంది. గిలాదువాళ్లకీ ఎఫ్రాయిమువాళ్లకీ యుద్ధం. ఓడిపోయిన ఎఫ్రాయిమువాళ్లు యొర్దాను దాటి పారిపోతున్నారు. గిలాదువాళ్లు రేవు దగ్గర కాపు కాశారు. మన పెనుమూడి రేవులో, వంతెన లేని రోజుల్లో, దాటేవాళ్లను ఆపినట్టు. వచ్చినవాణ్ణి ఒక్క మాట అనమంటారు. షిబ్బోలెత్. నోట షకారం పలికితే మనవాడు. సిబ్బోలెత్ అని సకారం పలికితే ఎఫ్రాయిమువాడు. అక్కడే చంపేస్తారు.

ఈ కథ విని ఐరోపా విద్యార్థి ఇదేదో భాషాశాస్త్రం అనుకుంటాడేమో. తెలుగు విద్యార్థి అలా అనుకోలేడు. శేషయ్య అనాల్సిన చోట సేసయ్య అన్నందుకు బళ్లో నవ్వులపాలైన పిల్లలు మన మధ్య ఎంతమంది! ఒక్క అక్షరంతో కులాన్ని, వాడని కనిపెట్టే కళ మన ఊళ్లలోనూ ఉంది. తెలుగువాళ్లు ఈ చదువులోకి వెళ్లడం ఎందుకు ముఖ్యమో నేను ఈ ఒక్క ఉదాహరణతో చెబుతాను. కొన్ని కథలు మనకు వెంటనే అర్థమవుతాయి. వేరేవాళ్లకు వివరించి చెప్పాలి.

ఇంకో ఉదాహరణ, రిస్పా కథలోంచే. చనిపోయిన ఏడుగురిలో ఇద్దరు రిస్పా కొడుకులు అన్నాను కదా. మిగిలిన అయిదుగురి తల్లి ఎవరు? సౌలు కూతురు. ఏ కూతురు? హీబ్రూ రాతప్రతుల్లో ఎక్కువ వాటిలో మీకాలు అని ఉంది. కానీ అదే గ్రంథంలో ముందు ఒకచోట మీకాలుకి చనిపోయేదాకా పిల్లలు లేరని ఉంది. పిల్లలు లేని తల్లికి అయిదుగురు కొడుకులెలా వచ్చారు? కొన్ని ప్రతుల్లో మీకాలు బదులు ఆవిడ అక్క మేరబు పేరుంది. అది సరిపోతుంది. ఎప్పుడో ఒక లేఖకుడి చెయ్యి జారి, అక్క పేరు బదులు చెల్లి పేరు పడిందని పండితులు చాలామంది అంటారు. పాత రాతప్రతులన్నీ పక్కపక్కన పెట్టి, ఎక్కడ ఎవరి చెయ్యి జారిందో పట్టుకోవడం ఆచార్యుల పని. విశ్వాసం పోగొట్టే పని అని కొందరు భయపడతారు. నాకు ఆ భయం లేదు. కడుపుకోత పడ్డ తల్లి పేరు తప్పుగా పడితే, ఆ పేరు వెతికి సరిగ్గా రాయడం ఆమెకి చేసే మర్యాద.

మన పాత తరంలో ఇలాంటి చదువు చదివినవాళ్లు లేకపోలేదు. పి. విక్టర్ ప్రేమసాగర్ గారి పేరు చెప్పాలి. పాత నిబంధన పండితులు. స్కాట్లాండులో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి వచ్చారు. ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. తర్వాత మెదక్ బిషప్ అయ్యారు, సి.ఎస్.ఐ. మోడరేటర్ కూడా అయ్యారు. గొప్ప గౌరవమే. కానీ నాకు ఒక బాధ. మన సంఘాల్లో చదువుకున్నవాడు కనిపిస్తే చాలు, కుర్చీలో కూర్చోబెడతాం. కమిటీలు, ఆస్తుల తగాదాలు, ఎన్నికలు, కోర్టులు. హీబ్రూ పుస్తకం బీరువాలో ఉండిపోతుంది. ఒక మనిషి ఇరవై ఏళ్లు కష్టపడి నేర్చుకున్న చదువును సంఘం ఇలా ఖర్చుపెట్టుకోవడం నాకు నచ్చదు.

మోనికా మెలాంక్తన్ గారి దారి వేరు. ఆవిడ తరగతి గదిలోనే ఉన్నారు, రాతలోనే ఉన్నారు. ఆవిడ డాక్టరేట్ అంశం విన్నప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. దేవుడు మనిషిని కాదనడం. హీబ్రూ బైబిల్లో దేవుడు ఒకరిని తోసిపుచ్చాడు అన్న మాట ఎక్కడెక్కడ వస్తుంది, దాని చరిత్ర ఏమిటి, దాని అర్థం ఏమిటి అని వెతికారు. 2001లో అది పుస్తకంగా వచ్చింది. దేవుడు ప్రేమిస్తాడు అన్న మాట మీద ఎంతోమంది రాస్తారు. దేవుడు కాదన్నాడు అన్న మాట పట్టుకుని ఏళ్ల తరబడి కూర్చోవడానికి ధైర్యం కావాలి. ఊరికి ఎడంగా, కాలవ గట్టు మీదో, డొంక పక్కనో ఇళ్లు కట్టుకుని బతికిన జనానికి ఈ తోసివేత కొత్త కాదు. దేవుడే మిమ్మల్ని అలా పుట్టించాడని వాళ్లకి తరతరాలుగా చెప్పారు కూడా.

ఆవిడ పనిచేసిన గురుకుల్ కాలేజీకి ఒక చరిత్ర ఉంది. దళితుల బతుకులోంచి దేవుణ్ణి, బైబిలును అర్థం చేసుకునే దళిత థియాలజీ అని మీరు వినే ఉంటారు. 1980లలో అరవింద్ నిర్మల్ గారు దానికి పునాది వేశారు. గురుకుల్‌లో ఆ చదువుకి ఒక విభాగమే నడిపారు. ద్వితీయోపదేశకాండంలో ఒకచోట, తొలిపంట తెచ్చిన రైతు తన పూర్వీకుడు దిక్కులేక తిరిగిన పరదేశి అని ఒప్పుకుంటాడు. నిర్మల్ గారు దాన్ని పట్టుకుని, మన పూర్వీకులు ఎవరో మనం కూడా సిగ్గుపడకుండా చెప్పుకోవాలి అన్నారు. ఆ గాలి ఉన్న కాలేజీలో మోనికా గారు పాఠాలు చెప్పారు. దళితులు బైబిలును ఎలా చదువుతారు, దళిత స్త్రీలు ఎలా చదువుతారు అన్నది ఆవిడ రాతల్లో మళ్లీ మళ్లీ వస్తుంది.

ఇక్కడ ఒక పద్ధతి గురించి చెప్పాలి. దక్షిణాఫ్రికాలో పీటర్‌మారిట్జ్‌బర్గ్ అనే ఊళ్లో జెరల్డ్ వెస్ట్ అనే ఆచార్యులు, ఆయన తోటివాళ్లు దాన్ని పెంచారు. చాలా సులువైన పద్ధతి. పేదవాళ్లు, చదువురానివాళ్లు, పండితులు అందరూ గుండ్రంగా కూర్చుంటారు. కథ ఒకటి బయటికి చదువుతారు. మొదటి ప్రశ్న ఒక్కటే. ఈ కథ దేని గురించి? ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. అన్నీ రాస్తారు. తప్పు అనరు. పండితుడు తర్వాత మాట్లాడతాడు, తనకు తెలిసింది జత చేస్తాడు.

మా లాంతరు ముందు జరిగింది అదేనని నాకిప్పుడు అనిపిస్తుంది. కథ చదివాను. నాయనమ్మ ప్రశ్న వేసింది. పక్కన పండితుడు లేడు, అంతే.

మోనికా గారు రిస్పా మీద ఒక వ్యాసం రాశారు. 2014లో వచ్చిన ఒక సంపుటంలో ఉంది. సరిహద్దులు దాటి, సంస్కృతులు దాటి, రిస్పాను ఇండియా దాకా తీసుకువచ్చి మళ్లీ తీసుకువెళ్లే చదువు అని ఆ వ్యాసం పేరులోనే ఉంది. నేను గమనించిన సంగతి ఒకటి. దేవుడు కాదన్న రాజు అంటే బైబిల్లో ముందు గుర్తొచ్చేది సౌలు. రిస్పా ఆ సౌలు ఇంటి మనిషి. తోసివేత మీద డాక్టరేట్ చేసిన మనిషి, తోసివేయబడ్డ రాజు ఇంట్లో మిగిలిన ఆడమనిషి దగ్గరికి వచ్చారు. ఆ తర్వాత 2021లో రాబిన్ విటకర్ గారితో కలిసి, బైబిల్లో స్త్రీల మీద హింస ఉన్న కథల గురించి ఒక సంపుటం తెచ్చారు. ఈ కథలు ఆదివారం ప్రసంగాల్లో రావు. పాస్టర్లు దాటేస్తారు. దాటేయకుండా ఆగి చూడాలన్నది ఆవిడ పట్టు.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఆవిడ వ్యాసంలో ఉన్నది కాదు. ఈ ప్రాంతంవాడిగా నాకు తట్టింది.

తెనాలిలో బాపట్ల వైపు రైలెక్కితే చుండూరు స్టేషను వస్తుంది. 1991 ఆగస్టు 6న ఆ ఊళ్లో ఎనిమిది మంది దళితుల్ని వెంటాడి చంపారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో, డ్రెయిన్లో పడేశారు. బంధువులు రోజుల తరబడి వెతుక్కోవాల్సి వచ్చింది. పల్లె జనం తెనాలి వెళ్లి తలదాచుకున్నారు. దొరికిన శవాల్ని ఊరి చివర కాదు, ఊరి నడిబొడ్డున సమాధి చేశారు. ఆ చోటిని రక్తక్షేత్రం అంటారు. కేసు విచారణకు ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. బాధితులు సుప్రీంకోర్టుకు వెళ్లారు.

చుండూరుకి ఆరేళ్ల ముందు కారంచేడు. ఇప్పుడు అదీ బాపట్ల జిల్లాలోనే. 1985 జులై. గొడవ మొదలైంది తాగునీళ్ల దగ్గర. తాము తాగే చెరువు నీళ్లను పాడుచేస్తుంటే దళితులు అడ్డుకున్నారు. కొట్టబోతే బిందె ఎత్తి ఎదురు నిలిచిన ఆడమనిషి పేరు సువార్త. మరునాడు ఆరుగురు దళితుల్ని చంపారు. మిగిలినవాళ్లు చీరాల వెళ్లి, చర్చి ఆవరణలో శిబిరం వేసుకున్నారు.

రిస్పా కథలో గోనెపట్ట అన్న మాట ఉంది. హీబ్రూలో దాన్ని సక్ అంటారు. ఇంగ్లీషువాళ్లు సంచిని సాక్ అంటారు చూడండి, గ్రీకు, లాటిన్ల మీదుగా నడిచి వచ్చిన ఆ మాట ఈ హీబ్రూ మాటకి చుట్టమే. ఏడుపు రోజుల్లో కట్టుకునే ముతక గుడ్డ. మన తెలుగు బైబిలు చేసినవాళ్లు దానికి గోనెపట్ట అని వేశారు. మంచి మాట. మన చేతికి తెలిసిన గుడ్డ. ధాన్యం పట్టే గుడ్డ. ఒక తల్లి ఆ గోనెను పరుచుకుని కొడుకుల శవాలకి కాపలా కాసింది. ఇంకో చోట అదే గోనెలో కొడుకుల శవాల్ని మూటగట్టారు. తెనాలి, బాపట్ల పల్లెల్లో కూర్చుని ఈ అధ్యాయం చదివినవాళ్లకి ఆ మాట దగ్గర గొంతు పట్టేస్తుంది. ఏ భాష్యకారుడికీ ఇది కనపడదు. ఇక్కడివాళ్లు ఆచార్యులైతేనే కనపడుతుంది.

రిస్పా కథ మొత్తంలో ఆవిడ ఒక్క మాట మాట్లాడదు. అది కూడా గమనించండి. దావీదు మాట్లాడతాడు, గిబియోనీయులు మాట్లాడతారు. రిస్పా మాట్లాడదు. కూర్చుంటుంది. ఆవిడ కూర్చున్న సంగతి ఎవరో వెళ్లి రాజుకి చెబుతారు. అప్పుడు రాజు కదులుతాడు. సౌలు ఎముకల్ని, యోనాతాను ఎముకల్ని తెప్పిస్తాడు, ఈ ఏడుగురి ఎముకల్నీ ఏరిస్తాడు. పాతిపెట్టిస్తాడు. దేశం కోసం చేసిన ప్రార్థనను దేవుడు విన్నది ఆ తర్వాతే. ఏడుగురిని చంపినప్పుడు విన్నాడని లేదు. శవాలకి మర్యాద జరిగాక విన్నాడని ఉంది. ఈ వరస ముఖ్యం. మళ్లీ చెబుతున్నాను, చంపినందుకు కాదు, పూడ్చినందుకు.

మరి నాయనమ్మ ప్రశ్న?

నేను తెలుగు పంతుల్ని. హీబ్రూ నాకు రాదు. సెమినరీలో చదువుకున్న ఒక మిత్రుణ్ణి చాలా ఏళ్ల తర్వాత అడిగాను. మా నాయనమ్మ ఇలా అడిగింది, మూలంలో నీళ్ల సంగతి ఎక్కడైనా ఉందా అని. ఆయన హీబ్రూ బైబిలు తీశాడు. వేలితో కుడి నుంచి ఎడమకు చదువుకుంటూ వెళ్లాడు. ఒకచోట ఆగాడు.

వాన పడేదాకా కూర్చుంది అని చెప్పుకున్నాం కదా. అక్కడ హీబ్రూలో వాన అన్న మాట లేదట. వానకి హీబ్రూలో వేరే మాటలున్నాయి. ఇక్కడ ఉన్నది మాయిమ్. మాయిమ్ అంటే నీళ్లు. పై నుంచి, ఆకాశంలోంచి, నీళ్లు కుమ్మరించేదాకా ఆవిడ కదల్లేదని ఆ వచనం. ఆ నీళ్లు పడింది కూడా శవాల మీద.

నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. నాయనమ్మ అడిగిన మాట ఆ వచనంలోనే ఉంది. నీళ్లు. పైనుంచి ఎత్తి పోసే నీళ్లు. దోసిలి పట్టిన మనిషికి తెలిసిన నీళ్లు. మనుషులెవరూ పోసినట్టు రాయలేదు. పోసింది ఆకాశం. అప్పటికి నాయనమ్మ లేదు. చెప్పడానికి వీల్లేకపోయింది.

ఒక చదువురాని మనిషి ప్రశ్న, ఒక హీబ్రూ మాట. ఈ రెండూ ఒక చోట కలవడానికి మా ఇంట్లో నలభై ఏళ్లు పట్టింది. అంత కాలం పట్టకూడదు. మన పల్లెల్లోంచి వెళ్లి ఆ భాష నేర్చుకుని, ఈ ప్రశ్నల్ని మరిచిపోకుండా దానిలోకి తీసుకెళ్లేవాళ్లు ఉంటే పట్టదు. ఆడపిల్లలు వెళితే ఇంకా మంచిది. గుంటూరు మిషను రోజుల్లో బైబిలు స్త్రీలు ఊరూరా నడిచి, ఇళ్లలో ఆడవాళ్ల మధ్య కూర్చుని ఈ కథలు చెప్పారు. వాళ్లకి జీతం తక్కువ, గుర్తింపు ఇంకా తక్కువ. వాళ్ల ముందు కూర్చున్న ఆడవాళ్లు ఎన్ని ప్రశ్నలు అడిగి ఉంటారో. ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు.

తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో, వాటి చుట్టుపక్కల పల్లెల్లో ఈ మాటలు వింటున్నవాళ్లకి నాదొక విన్నపం. మీ ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే, ఈ ఆదివారం ఆమె పక్కన కూర్చోండి. సమూయేలు రెండవ గ్రంథం, ఇరవై ఒకటో అధ్యాయం, మొదటి పద్నాలుగు వచనాలు. నిదానంగా చదివి వినిపించండి. ఆమె మధ్యలో ఆపితే విసుక్కోకండి. ఏమడిగిందో, ఆమె మాటల్లోనే, తేదీ వేసి రాసిపెట్టండి. మీ బంధువుల్లో సెమినరీలో చదివే పిల్లలు ఎవరైనా ఉంటే, ఆ కాగితం వాళ్లకి ఇవ్వండి.